రేసు ఇస్తే ఇంజను అరుస్తుంది, బోటు మాత్రం లాగదు: పాత 8 హార్స్ పవర్ అవుట్‌బోర్డు మోటారు

కోరంగి_పాయ
జూలై 3, ఉదయం 6.10

సభ్యులందరికీ నమస్కారం. మాది తాళ్ళరేవు దగ్గర ఉప్పుటేరు పక్కన ఊరు. మా నాన్నగారు చాలా ఏళ్ళ క్రితం సెకండ్ హ్యాండులో కొన్న రెండు స్ట్రోకుల, రెండు సిలిండర్ల 8 హార్స్ పవర్ అవుట్‌బోర్డు (బోటు వెనుక బయటి వైపు తగిలించే) మోటారును 22 అడుగుల ఫైబర్ బోటుకు బిగించి, పీతలకూ రొయ్యలకూ మడ అడవుల పాయల్లోనూ, పాటు (సముద్రపు ఆటుపోటు నీటి లాగుడు) మంచిగా ఉన్న రోజుల్లో మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాకానూ వెళ్తుంటాము. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ మోటారును ఇంట్లోనే నిలబెట్టి ఉంచాము. నిషేధానికి ముందే, ఇంజనును చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కల చక్రాన్ని (ఇంపెల్లర్‌ను) మార్పించాము.

వేట మొదలైన తరువాత మొదటి వారం బాగానే నడిచింది. ఇప్పుడు సగం రేసు దాకా బోటు మామూలుగానే పోతుంది గాని, దాన్ని దాటి రేసు ఇస్తే ఇంజను ఒక్కసారిగా గట్టిగా అరుస్తుంది, బోటు మాత్రం ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు నెమ్మదిస్తుంది. రేసు తగ్గిస్తే మళ్ళీ లాగుతుంది. పొద్దున బయలుదేరిన పది పదిహేను నిమిషాలు ఈ తేడా అంతగా తెలియదు. వలలతో, నలుగురు మనుషులతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎదురు పాటులో అడుగు ముందుకు పడటమే కష్టంగా ఉంది.

ప్లగ్గులు కొత్తవి వేశాను, కార్బురేటర్ శుభ్రం చేయించాను, పెట్రోలు ఫిల్టరు మార్చాను. పట్నంలో చూపిస్తే, ఇంజను అరిగిపోయింది, సిలిండర్లను లోపల కోసి సరిచేసి (బోరు చేసి) పిస్టన్ రింగులు మార్చాలన్నారు. అంత ఖర్చు పెట్టే ముందు తెలిసినవారి మాట విందామని రాస్తున్నాను.

సముద్రపు_గాలి
జూలై 3, ఉదయం 7.25

రెండు నెలలు నిలబెట్టిన మోటారు కాబట్టి పెట్రోలులోని నూనె కార్బురేటర్ జెట్టులో (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో) గడ్డకట్టి ఉంటుంది. ఒకసారి శుభ్రం చేయించినంత మాత్రాన పోదు. మళ్ళీ విప్పించి, జెట్టులో సన్నని రాగి తీగ ఆడించి చూడండి. నాకు రెండుసార్లు ఇదే జరిగింది.

పాత_పానా
జూలై 3, ఉదయం 9.40

తమ్ముడూ, ఏదీ విప్పకముందు ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పు. బోటు నెమ్మదించినప్పుడు ఇంజను చుట్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? నువ్వు రాసినదాన్ని బట్టి పెరుగుతున్నాయనే అనిపిస్తోంది గాని, చెవికి అరుపుగా వినిపించేదంతా చుట్లు పెరగడం కాదు. ఒక సిలిండరు ఆగిపోయినా ఇంజను బొంగురుగా అరుస్తుంది.

ఎందుకు అడుగుతున్నానంటే, లాగుడు తగ్గిన ప్రతి మోటారునూ ఈ ఒక్క ప్రశ్నే రెండు దారుల్లో ఒక దారికి పంపుతుంది. చుట్లు తగ్గి బోటు నెమ్మదిస్తే లోపం ఇంజనులోనో, దాని మీద పడిన అదనపు బరువులోనో ఉంటుంది: పెట్రోలు అందకపోవడం, ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసి ఉండటం, ఒక ప్లగ్గు కొట్టకపోవడం, ఇంజను వేడెక్కి బిగుసుకోవడం, ప్రొపెల్లర్‌కు వల చుట్టుకోవడం, బోటు అడుగున చిప్పలు పట్టడం వంటివన్నీ ఆ దారిలోవే. చుట్లు పెరిగి బోటు నెమ్మదిస్తే ఇంజను ఆరోగ్యంగానే ఉన్నట్టు. అది పుట్టించే శక్తి నీటిని చేరకుండా దారిలో ఎక్కడో జారిపోతోంది. బలం లేని ఇంజను చుట్లు పెంచుకుని అరవలేదు కదా. కాబట్టి చుట్లు పెరుగుతున్నాయని తేలితే బోరు, రింగుల మాట ఎవరు చెప్పినా పక్కన పెట్టవచ్చు.

ప్లగ్గు వైరుకు చుట్టి చుట్లు చూపించే చిన్న మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకో. చుట్టుకు ఒక స్పార్కు అన్న సెట్టింగులో పెట్టు. వేగం ఫోనులోని జీపీఎస్ చెబుతుంది. రెండు అంకెలూ కలిపి రాయి.

సముద్రపు_గాలి గారికి ఒక మాట. జెట్టులో తీగ పెట్టవద్దు, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు, గాలి పాళ్ళు మారిపోతాయి. గాలి కొట్టి శుభ్రం చేస్తే చాలు.

కోరంగి_పాయ
జూలై 4, సాయంత్రం 5.30

పానా గారూ, మీరు చెప్పినట్టే మీటరు తెచ్చి చూశాను. పూర్తి రేసులో మొదట నిమిషానికి 5100 చుట్లు, గంటకు 13 కిలోమీటర్ల వేగం చూపించింది. పావుగంట తరువాత అదే రేసులో 5700 చుట్లకు ఎగబాకింది, వేగం 7 కిలోమీటర్లకు పడిపోయింది. మోటారుతో వచ్చిన పుస్తకంలో (ఫొటో జతచేశాను) పూర్తి రేసులో 4500 నుంచి 5500 లోపు ఉండాలని రాసి ఉంది. చుట్లు పెరిగినప్పుడు కూడా శబ్దం ఒకే తీరుగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు.

పులికాట్_తీరం
జూలై 4, రాత్రి 8.05

ఈ లక్షణం చూడగానే నాకు గాలి పీల్చడం గుర్తుకు వచ్చింది. మా సరస్సులో నీరు లోతు తక్కువ కాబట్టి మోటారును వీలైనంత పైకి ఎత్తి నడపడం మావాళ్ళకు అలవాటు. ప్రొపెల్లర్ నీటి మట్టానికి దగ్గరైతే పైనుంచి గాలిని కిందికి లాక్కుంటుంది. అప్పుడు రెక్కలకు నీటికి బదులు నురగ తగులుతుంది కాబట్టి ఇంజను చుట్లు ఎగబాకుతాయి, బోటు ఆగిపోతుంది. రేసు తగ్గిస్తే గాలి బయటికి పోయి మళ్ళీ పట్టు దొరుకుతుంది.

ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా ఒక రేకు లాంటి పలక ఉంటుంది. అది బోటు అడుగుకు సమానంగా గాని, అంగుళం కిందుగా గాని ఉండాలి. బోటు ఒడ్డున ఉన్నప్పుడు అడుగు వెంబడి ఒక తిన్నని కర్ర పెట్టి వెనక్కి చాపితే కొలత తెలిసిపోతుంది. చిన్న మోటార్లు ఎక్కువగా పొట్టి కాలు, పొడుగు కాలు అని రెండు రకాలుగా వస్తాయి, పొట్టి కాలుకు తగిన బోటు వెనుక పలక (మోటారు తగిలించే చోటు) ఎత్తు సుమారు 15 అంగుళాలు, పొడుగు కాలుకు 20 అంగుళాలు. ఈ మధ్య బోటు వెనుక పలకకు కొత్త చెక్క ఏమైనా వేశారా? రెండు అంగుళాల చెక్క ఎక్కువైనా ఈ బాధ మొదలవుతుంది.

గేరుబాక్సు_గోల
జూలై 4, రాత్రి 9.15

నా అనుమానం గేరు మీద. ఇంపెల్లర్ మార్చాలంటే మోటారు కింది భాగాన్ని దించక తప్పదు, దించితే గేరు మార్చే కడ్డీని ఊడదీసి మళ్ళీ కలపాలి. ఆ కడ్డీ రెండు ముక్కల అతుకు దగ్గర కాస్త తేడా వచ్చినా, చేతి లివరు ముందు గేరులో ఉన్నట్టే కనిపిస్తుంది గాని లోపల పంటి క్లచ్చు సగమే పట్టుకుంటుంది. బరువు పడగానే పళ్ళు ఒకదాని మీదినుంచి ఒకటి జారతాయి. నిషేధానికి ముందే ఇంపెల్లర్ మార్పించారు కాబట్టి అడుగుతున్నాను.

పాత_పానా
జూలై 5, ఉదయం 6.50

మీరిద్దరూ చెప్పినవి సరైన అనుమానాలే, ఈ దారిలో ముందుగా చూడవలసినవే. కాని రోగి చెప్పే గుర్తులతో వాటిని సరిపోల్చి చూద్దాం.

గేరు జారితే అది మౌనంగా జారదు. పంటి క్లచ్చు పళ్ళు ఎగిరి పడినప్పుడల్లా కింది నుంచి కటకటమని ఇనుప చప్పుడు వస్తుంది, లివరు మీద చెయ్యి పెడితే ఆ దెబ్బ చేతికి తగులుతుంది. తమ్ముడు శబ్దం ఒకే తీరుగా ఉందన్నాడు. ఇంపెల్లర్ మార్చిన తరువాత వారం రోజులు బాగా నడిచిందని కూడా అన్నాడు. కడ్డీ అతుకు తప్పు అయితే మొదటి రోజే తెలిసేది.

గాలి పీల్చడం చాలామటుకు మలుపుల్లోనో, కెరటం ఎక్కి దిగేటప్పుడో కనిపిస్తుంది. నిదానమైన పాయలో, తిన్నగా పోతున్నప్పుడు, అదీ పావుగంట ఆగి మొదలవడం దాని స్వభావం కాదు. పైగా వలలూ మనుషులూ ఎక్కితే బోటు వెనుక భాగం దిగుతుంది, ప్రొపెల్లర్ ఇంకా లోతుకు పోతుంది, గాలి పీల్చే బాధ తగ్గాలి. ఇక్కడ బరువు ఎక్కితే బాధ ఎక్కువవుతోంది.

బరువుతో ఎక్కువై, వేడితో ముదిరి, చప్పుడు చేయకుండా, రేసు తగ్గిస్తే సర్దుకునే లోపం నాకు తెలిసి ఒక్కటే. అది ప్రొపెల్లర్ నడుమ ఉండే రబ్బరు బుష్ జారడం.

చాలామంది ప్రొపెల్లర్‌ను ఒకే ముక్క అనుకుంటారు. ఇరుసు మీద పళ్ళతో కూర్చునే ఇత్తడి గొట్టం ఒకటి, దాని చుట్టూ బిగుతుగా ఎక్కించిన రబ్బరు, ఆ రబ్బరు చుట్టూ రెక్కలున్న అల్యూమినియం బొడ్డు. రెక్క రాయికో మోడుకో తగిలితే దెబ్బను రబ్బరు మింగి గేర్లను కాపాడుతుంది, అందుకే దాన్ని పెట్టారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఉప్పునీటికీ వేడికీ రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. అప్పుడు గొట్టం తిరుగుతుంది, రబ్బరు లోపలే జారుతుంది, రెక్కలు తిరగవలసినంత తిరగవు. జారుడుకు వేడి పుడుతుంది, వేడెక్కిన రబ్బరు ఇంకా సులువుగా జారుతుంది. తమ్ముడు చెప్పిన పావుగంట అదే.

సగం రేసులో ఎందుకు తెలియదన్నది కూడా చెప్పాలి. ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావలసిన మెలి బలం చుట్ల వర్గంతో పెరుగుతుంది. చుట్లు రెట్టింపైతే మెలి బలం నాలుగింతలు కావాలి. సగం చుట్లలో పావు వంతు బలాన్ని మోసే బుష్, పూర్తి బలం వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. మోటారు ఆపి, ఆపే తాడు పీకి, ప్లగ్గు వైర్లు రెండూ ఊడదీసిన తరువాతే ప్రొపెల్లర్ మీద చెయ్యి వెయ్యి. వెనుక వైపు నుంచి చూస్తే నడుమ ఇత్తడి గొట్టం అంచు, దాని చుట్టూ బొడ్డు అంచు కనిపిస్తాయి. బాగా తుడిచి, రెండింటి మీదుగా ఒకే గీతను మేకుతో గీసి, దాని మీద గోళ్ళ రంగు పూయి. పూర్తి రేసులో లాగుడు పోయేదాకా నడిపి, ఆపి చూడు. గీత తిన్నగా ఉంటే నా మాట తప్పు. విరిగి రెండు చోట్ల కనిపిస్తే బుష్ పోయినట్టే.

సరస్సుల_దేశం
జూలై 5, రాత్రి 10.30

నేను ఉండేది అమెరికాలోని మిన్నెసోటాలో, పుట్టింది కాకినాడలో. ఇక్కడ సరస్సుల మీద చేపలకు వెళ్ళేవాళ్ళ దగ్గర 1950ల, 1960ల నాటి మోటార్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. నా దగ్గరా ఒకటి ఉంది. అలాంటి పాత చిన్న మోటార్లలో ప్రొపెల్లర్‌ను ఇరుసుకు కలిపేది అడ్డంగా గుచ్చిన ఒక మెత్తని లోహపు పిన్ను. రెక్క దేనికైనా తగిలితే పిన్ను తెగిపోతుంది. అది తెగితే లాగుడు కొద్దికొద్దిగా తగ్గదు, ఒక్క దెబ్బతో పూర్తిగా పోతుంది, కాబట్టి మీది ఆ రకం కాదు. పిన్ను రకం మోటారు ఉన్నవారు మాత్రం విడి పిన్నులు రెండు ఎప్పుడూ బోటులో ఉంచుకోవాలి. పిన్నుకు బదులు మేకు కొట్టి ఇంటికి చేరినవారిని నేను చూశాను. ఇల్లు చేరారు గాని, మేకు గట్టిది కాబట్టి ఆ తరువాత దెబ్బ తగిలినప్పుడు గేరు పళ్ళే పోయాయి.

కోరంగి_పాయ
జూలై 7, మధ్యాహ్నం 1.15

పానా గారూ, గీత విరిగింది. ఇత్తడి గొట్టం మీది గీతకూ బొడ్డు మీది గీతకూ నడుమ నా నాలుగు వేళ్ళు పట్టేంత దూరం వచ్చింది. ముట్టుకుంటే బొడ్డు వెచ్చగా ఉంది, కాలిన రబ్బరు వాసన కూడా వచ్చింది.

పులికాట్ గారు అడిగారు కాబట్టి అదీ కొలిచాను. పలక బోటు అడుగుకు ముప్పావు అంగుళం కిందుగానే ఉంది, కొత్త చెక్క ఏదీ వేయలేదు.

అయితే ప్రొపెల్లర్ ఊడదీసినప్పుడు ఇంకొకటి బయటపడింది. ఇరుసు మొదట్లో, గేరు పెట్టెకు ఆనుకుని, నైలాను వల దారం ఉండలా చుట్టుకుని కరిగి ముద్దకట్టి ఉంది. కత్తితో కోసి తీశాను. గేరు పెట్టెలోకి నీరు పోకుండా ఇరుసు చుట్టూ ఉండే సీలు అంచు కిందికి దారం దూరినట్టు కనిపించింది. అనుమానం వచ్చి గేరు పెట్టె కింది మర వదులు చేశాను. ముందు రెండు చెంచాల నీరు కారి, తరువాత మజ్జిగలా తెల్లగా ఉన్న నూనె వచ్చింది. ఇది కూడా లాగుడు తగ్గడానికి కారణమా, లేక వేరే రోగమా?

సముద్రపు_గాలి
జూలై 7, మధ్యాహ్నం 2.40

బుష్ సంగతి నా ఊహకు అందలేదు, ఒప్పుకుంటున్నాను. మా రేవులో ఇలాంటప్పుడు బొడ్డు నుంచి ఇత్తడి గొట్టం దాకా రెండు చోట్ల రంధ్రం వేసి బోల్టులు దిగ్గొడతారు. ఒక గంట పని, రబ్బరు జారే ప్రశ్నే ఉండదు. వేట ఆగకూడదనుకుంటే ఇదే దారి.

గేరుబాక్సు_గోల
జూలై 7, సాయంత్రం 4.00

దయచేసి ఆ పని చేయవద్దు. రబ్బరు మింగవలసిన దెబ్బ నేరుగా గేర్ల మీదికి పోతుంది. మడ అడవి పాయలో నీటి కింద మోడులు ఎన్ని ఉంటాయో కోరంగి పక్కన ఉండేవారికి నేను చెప్పనక్కరలేదు. ప్రొపెల్లర్ ధర ఎక్కడ, గేర్ల జత ధర ఎక్కడ?

పాత_పానా
జూలై 7, రాత్రి 8.30

బోల్టు విషయంలో నాది గేరుబాక్సు_గోల గారి మాటే. మొగ బయట బుష్ పూర్తిగా పోయి, ఒడ్డుకు చేరడమే ప్రాణాల మీదికి వచ్చిన వేళ అయితే నేనే కొడతాను, తిరిగి వచ్చి పారేస్తాను. రేవులో నిలబడి ఉన్న బోటుకు ఆ అవసరం లేదు. రబ్బరుకూ బొడ్డుకూ నడుమ జిగురు పోయడం కూడా దండగే. పాత రబ్బరును నొక్కి తీసి, కొత్త బుష్‌ను సబ్బు నీటితో తడిపి హైడ్రాలిక్ ప్రెస్సులో ఎక్కించాలి. నూనె గాని గ్రీజు గాని రాసి ఎక్కిస్తే అది ఎప్పటికీ ఆరదు, కొత్త రబ్బరే జారుతుంది. రెక్కలు వంగి, అంచులు తిని ఉంటే మాత్రం బుష్ మీద డబ్బు పెట్టకుండా కొత్త ప్రొపెల్లర్ కొనడం మేలు.

ఇక మజ్జిగ నూనె. నీరు కలిసిన నూనె లాగుడును వెంటనే తగ్గించదు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది గేర్లనూ బేరింగులనూ తుప్పుతో తినేస్తుంది. దారం సీలును కోసింది, అక్కడినుంచి నీరు దిగింది. నిజానికి నీ బుష్ జారడం నీకు మేలే చేసింది. ఇది జారకపోతే నువ్వు ప్రొపెల్లర్ విప్పేవాడివి కావు, వచ్చే నిషేధం నాటికి గేరు పెట్టె మొత్తం పోయేది.

నూనె మొత్తం కారనిచ్చి, కింది మరకు అంటిన మురికిని వేళ్ళతో నలిపి చూడు. బూడిద రంగు మెత్తని పొడి అయితే మామూలు అరుగుదల. గుచ్చుకునే ఇనుప రవ్వలు తగిలితే లోపల పన్ను విరిగినట్టు, అప్పుడు పెట్టె విప్పించక తప్పదు. ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడు, లొడలొడలాడితే బేరింగు కూడా పోయింది. రెండూ బాగుంటే ఇరుసు సీళ్ళు మాత్రం మార్పించు. కొత్త సీలు కూర్చునే చోట ఇరుసు మీద దారం కోసిన గాడి గోటికి తగులుతుందేమో కూడా చూసుకో. గాడి ఉంటే ఎన్ని సీళ్ళు వేసినా నీరు దిగుతూనే ఉంటుంది.

నూనె పోసేటప్పుడు పై రంధ్రం మర కూడా తీసి, కింది రంధ్రం నుంచి నెమ్మదిగా నింపుతూ రావాలి. పైనుంచి పొర్లిన తరువాత ముందు పై మర, ఆ తరువాత కింది మర బిగించాలి. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుని సగమే నిండుతుంది. మరల కింది వాషర్లు కొత్తవి వేయి, వాటికయ్యే ఖర్చు టీ ఖర్చు కన్నా తక్కువ.

కోరంగి_పాయ
జూలై 12, రాత్రి 7.45

రవ్వలు లేవు, ఇరుసు లొడలొడలాడలేదు, గాడి కూడా లేదు. సీళ్ళు రెండూ మార్పించి నూనె పోయించాను. బుష్ ఎక్కించే ప్రెస్సు కాకినాడలో ఉందిగాని వారం ఆగమన్నారు. అందాకా మా బాబాయి గారి పాత మోటారు ప్రొపెల్లర్ అరువు తెచ్చి బిగించాను. ఇరుసు పళ్ళు సరిపోయాయి.

ఇప్పుడు జారడం లేదు, కాని కొత్త చిక్కు వచ్చింది. ఖాళీ బోటుతో పూర్తి రేసులో 4500 చుట్లు, 12.5 కిలోమీటర్లు. వలలూ మనుషులూ ఎక్కితే 4200 దాటడం లేదు, ఇంజను బరువుగా మూలుగుతోంది. ఈసారి చుట్లు తగ్గాయి కాబట్టి, పానా గారు చెప్పిన మొదటి దారి ప్రకారం ఇంజనులో కూడా లోపం ఉందేమోనని భయంగా ఉంది. బోరు మాట చెప్పినవారు చెప్పింది నిజమేనా?

పులికాట్_తీరం
జూలై 12, రాత్రి 8.20

భయపడే ముందు రెండు ప్రొపెల్లర్ల బొడ్డు మీద పోతపోసిన అంకెలు చూసి రాయండి.

కోరంగి_పాయ
జూలై 12, రాత్రి 9.05

మాది 8½, 7½. అరువు తెచ్చినది 8½, 8½.

లెక్కల_మాస్టారు
జూలై 13, ఉదయం 5.50

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, అంకెలు వచ్చాయి కాబట్టి మాట్లాడుతున్నాను. నేను మోటారు విప్పినవాణ్ణి కాను, పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి.

మొదటి అంకె ప్రొపెల్లర్ వ్యాసం, రెండోది పిచ్. మర ఒక చుట్టు తిప్పితే చెక్కలోకి ఎంత దిగుతుందో, ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే జారుడేమీ లేకుండా అంత ముందుకు పోవాలి, ఆ దూరమే పిచ్. ఇంజను చుట్టిన ప్రతిసారీ ప్రొపెల్లర్ చుట్టదు, నడుమ గేరు ఉంది. కోరంగి_పాయ గారి పుస్తకం ఫొటోలో 13 పళ్ళ గేరు 27 పళ్ళ గేరును తిప్పుతుందని ఉంది, అంటే ఇంజను 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది.

బుష్ జారకముందు అంకెలు 5100 చుట్లు, 13 కిలోమీటర్లు. 5100ను 2.08తో భాగిస్తే ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2450 చుట్లు. 7½ అంగుళాలంటే 0.19 మీటరు. గుణిస్తే నిమిషానికి 467 మీటర్లు, గంటకు 28 కిలోమీటర్లు. బోటు పోయింది 13, అంటే సగానికి పైగా నీటిలో జారుడు కింద పోయింది. ఇది చూసి బెంగపడనక్కరలేదు. నీటిపైకి లేచి పరుగెత్తే తేలిక బోట్లలో ఈ జారుడు 10 నుంచి 20 శాతం ఉంటుంది, నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పని బోట్లలో సగం జారడం వింత కాదు.

బుష్ జారినప్పుడు 5700 చుట్లు, 7 కిలోమీటర్లు. అదే లెక్కన పోవలసింది 31, పోయింది 7, జారుడు 78 శాతం. నీటి జారుడుకు రబ్బరు జారుడు తోడైంది.

ఇప్పటి ప్రొపెల్లర్‌తో 4500 చుట్లకు పోవలసింది గంటకు 28 కిలోమీటర్లు, పోతున్నది 12.5, జారుడు 55 శాతం. అంటే ప్రొపెల్లర్ నీటిని బాగానే పట్టుకుంటోంది. ఒక అంగుళం పిచ్ ఎక్కువ కావడంతో ఇంజనుకు మోయలేని బరువు పడింది. ఎత్తు రోడ్డు మీద టాప్ గేరులో సైకిలు తొక్కుతున్నట్టు ఉంది దాని పరిస్థితి.

పాత_పానా
జూలై 13, ఉదయం 8.15

మాస్టారు గారి లెక్కకు నా అనుభవం కూడా సరిపోతుంది. అంగుళం పిచ్ పెరిగితే చుట్లు కొన్ని వందలు తగ్గుతాయి, బరువు బోటులో ఇంకాస్త ఎక్కువ తగ్గుతాయి. తమ్ముడూ, బోరు మాట మర్చిపో. మొదటి రోజు వేడెక్కకముందు 5100 చుట్లు చూపించిన ఇంజను అది. అయినా నీ అనుమానం తీరాలంటే, చుట్లు తగ్గిన వేళ పెట్రోలు గొట్టం మీది చేతి బల్బును నొక్కి చూడు. నొక్కినప్పుడు చుట్లు పెరిగితే పెట్రోలు అందడం లేదని అర్థం. పెరగకపోతే ఆ వైపు చూడనక్కరలేదు.

ఒక హెచ్చరిక. ఈ అరువు ప్రొపెల్లర్‌తో పూర్తి రేసులో ఎక్కువసేపు లాగించవద్దు. తక్కువ చుట్లలో పూర్తి రేసు ఇస్తే రెండు స్ట్రోకుల ఇంజను వేడెక్కుతుంది, మసి కట్టి రింగులు బిగుసుకుంటాయి. పట్నంలో చెప్పిన బోరు ఖర్చు అప్పుడు నిజంగానే వస్తుంది. ముప్పావు రేసుతో సర్దుకో.

కోరంగి_పాయ
జూలై 21, సాయంత్రం 6.20

బల్బు నొక్కి చూశాను, చుట్లలో మార్పు లేదు. నిన్న మా సొంత ప్రొపెల్లర్‌కు కొత్త బుష్ ఎక్కించి ఇచ్చారు. సబ్బు నీటితోనే ఎక్కించమని పక్కన నిలబడి చెప్పాను, అక్కడి పెద్దాయన నవ్వి, ఎవరు నేర్పారని అడిగారు.

బిగించేటప్పుడు ఒక పొరపాటు జరగబోయింది. ప్రొపెల్లర్‌కు ముందు వైపు ఇరుసు మీద కూర్చునే మందపాటి వాషరు, దారం కోసి తీసిన రోజు నేను డబ్బాలో వేసి మర్చిపోయాను. అది లేకుండా నట్టు బిగిస్తే ప్రొపెల్లర్ ముందుకు జరిగి గేరు పెట్టెకు రాసుకుంటోంది. చేత్తో తిప్పి చూశాను కాబట్టి తెలిసింది. వాషరు పెట్టి, ఇరుసు పళ్ళకు గ్రీజు రాసి, నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ను వేశాను.

ఈరోజు ఖాళీ బోటుతో 5100 చుట్లు, 13.5 కిలోమీటర్లు వచ్చింది. వలలతో, నలుగురితో మొగ దాకా పోయి ఎదురు పాటులో తిరిగి వచ్చాము. 4900 చుట్లు, 12 కిలోమీటర్లు, గంటన్నర సేపు ఒకే తీరుగా లాగింది. గీత మళ్ళీ గీశాను, తిన్నగానే ఉంది. నూనె కొద్దిగా తీసి చూస్తే తెల్లబడలేదు.

సరస్సుల_దేశం
జూలై 21, రాత్రి 11.10

సంతోషం. ఇరుసుకు దారం చుట్టుకోకుండా మీ వైపు ఎవరైనా ఏమైనా వాడతారా? ఇక్కడ కూడా గాలాల దారంతో ఇదే బాధ.

పాత_పానా
జూలై 22, ఉదయం 6.30

మా వైపు వాడేది కన్ను ఒక్కటే. పదిహేను రోజులకోసారి ప్రొపెల్లర్ ఊడదీసి ఇరుసు మొదలు చూసుకోవాలి, పది నిమిషాల పని. ఆ పదిహేను రోజుల్లో వల ఒక్కసారి చుట్టుకున్నా, ఆ సాయంత్రమే విప్పాలి. పైకి కనిపించిన దారం కోసేసి ఊరుకుంటే, లోపల మిగిలిన మూర దారం చాలు సీలును కోయడానికి.

తమ్ముడూ, బాబాయి గారి ప్రొపెల్లర్ తిరిగి ఇచ్చే ముందు దానికి కూడా ఒక గీత గీసి ఇవ్వు. ఆయన మోటారు వయసు నీ మోటారు కన్నా ఎక్కువే ఉంటుంది.